మా బావ ఒంటిమీది నగలు

మా బావగారు, పాకాల బెల్లం మండీ చెంగల్రాయ నాయుడుగారు, అలిపిరి మెట్లదారిలో కొండెక్కుతూ పరమపదించారన్న వార్త ఈసరికి మన వైపు అందరికీ చేరే ఉంటుంది. ఆఖరి శ్వాస విడిచినప్పుడు ఆయన తల నా ఒడిలోనే ఉంది. అయినా నాకింకా నమ్మకం కుదరడం లేదు. పొద్దున లేవగానే "ఏమప్పా, కాఫీ తాగితివా?" అనే ఆ గొంతు కోసం ఇప్పటికీ చెవులు రిక్కిస్తున్నాను. ముసలాయనకు మతి చలించి ఆడవాళ్ళ నగలు తగిలించుకుని పోయాడట అని రైలుపెట్టెల్లో నవ్వుకుంటున్నారని విన్నాను. నవ్వేవాళ్ళ నోళ్ళకు మూతలు వేయలేం. ఆ ఇంట్లోనే ఉంటూ ఆ మహనీయుణ్ణి దగ్గరగా ఎరిగినవాడిగా ఉన్నదున్నట్టు చెప్పడం మాత్రం నా విధి.

బావగారి తక్కెడ ధర్మం తప్పినట్టు ఆయన శత్రువు కూడా చెప్పలేడు. రైతు బండి విప్పకముందే చేతికి మజ్జిగ చెంబు అందేది. యుద్ధం రోజుల్లో తోటి వ్యాపారులు సరుకు దాచి ధర పెరిగేదాకా కాచుకున్నారు. ఆయన మండీ తలుపులు మూయలేదు. కొండకు పోయే యాత్రికులకు పాకాల స్టేషన్లో తన ఖర్చుతో పానకం పోయించేవారు. "గోవిందా అన్న గొంతు ఎండిపోతే మనకు పాపమప్పా" అనేవారు.

అంతటి మనిషి ప్రతి శుక్రవారం తలంటుకుని, దేవుడి గదిలో అడుగుపెట్టకముందే ఇనప్పెట్టె ముందు కూర్చునేవారు. దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూర హారతి ఇచ్చి, కళ్ళకద్దుకునేవారు. స్వామి పటానికి మిగిలిన కర్పూరమే. మా అక్క మునెమ్మ నొచ్చుకునేది. "పిచ్చిదానా, అమ్మ ఇంట్లో కుదురుగా ఉంటే అయ్య యాడికి పోతాడు? వెతుక్కుంటా ఆయనే వస్తాడు" అని బావ నవ్వేవారు. ఆ నవ్వు ముందు ఎవరి వాదమూ నిలిచేది కాదు.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు శ్రీనివాసులుకు పసితనంలో సన్నిపాత జ్వరం వచ్చింది. వైద్యుడు చేతులెత్తేశాడు. అప్పుడు అక్క తడిబట్టలతో కొండవైపు తిరిగి నిలువు దోపిడి మొక్కుకుంది: బిడ్డ బతికితే తన ఒంటిమీది నగలన్నీ, కమ్మలతో సహా, స్వామి హుండీలో ఒలిచి వేస్తానని. బిడ్డ బతికాడు. బావ ఎంతో వినయంగా ఆ నగలను చిత్తూరు ఆచారి దగ్గరికి తీసుకుపోయి మెరుగు పెట్టించి తెచ్చారు. కాసులపేరు, వడ్డాణం, వంకీలు పెట్టుకుని అక్క కొండెక్కింది. హుండీ ముందు ఒక్కొక్కటీ తీస్తూ, వడ్డాణం చేతిలోకి రాగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తేలిగ్గా ఉండాదబ్బా! నా బరువంతా స్వామి తీసేసినాడు సూడు" అన్నది. బావ తలవంచుకుని నిలబడ్డారు. భక్తి అనుకున్నాను.

అవి గిల్టు నగలు. అసలువి ఇనప్పెట్టెలోనే ఉన్నాయి. ఊళ్ళో ఎవరినీ మోసం చేయని మనిషి దేవుణ్ణి మాత్రం చేశాడు. "ఆయన ఇల్లే బంగారం. ఆయనకేం తక్కువబ్బా?" అని తనకు తాను సర్దిచెప్పుకున్నారట. అక్క ఆ సంగతి తెలియకుండానే, స్వామి తన బరువు మోశాడన్న నిండు సంతృప్తితోనే కన్నుమూసింది. నాకది ఊరటో, గుండెకోతో ఇప్పటికీ తేల్చుకోలేను.

అక్క కర్మలు ముగిశాక వచ్చిన మొదటి శుక్రవారం బావ పెట్టె తెరిచి హారతి పట్టారు. తర్వాత నన్ను కేకేశారు. "ఈడ సూడప్పా. నల్లబడిండాది కదా?" నా కంటికి ఆ నగలు ధగధగలాడుతున్నాయి. అదే చెప్పాను. నిజమంతా ఆ రోజే ఆయన నోట విన్నాను. ఆచారిని పిలిపిస్తే గీటురాయి మీద గీసి, "మేలిమి, నాయుడుగారూ" అన్నాడు. బావ నమ్మలేదు. పట్టపగలు పెరట్లో కూర్చుని చింతపండుతో తోమారు, కుంకుడు రసంతో కడిగారు. బెల్లం కొనడానికి వచ్చినవాళ్ళందరికీ చూపించి అదే మాట అడిగారు. వాళ్ళు తలో మాటా చెప్పి తప్పుకున్నారు. పెట్టె దగ్గర అక్క పూసుకునే పసుపు వాసన వస్తోందని చెప్పి, హారతి కూడా మానేశారు. నాకు ఏ వాసనా రాలేదు. కానీ పొద్దుగూకాక ఆ గదిలోకి పోవడం మానుకున్నాను. భయమేసిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

చివరికి, అక్క పోయి ఏడాది తిరిగాక, ఒకనాడు ఆ నగలన్నీ తానే పెట్టుకుని పైన ఉత్తరీయం కప్పుకున్నారు. "ఆమె మొక్కు నా ఒంటితో తీరుస్తానప్పా" అన్నారు. ఘాట్ రోడ్డు మీద బస్సులు పోతున్నా ఎక్కనన్నారు. మెట్లెక్కుతుంటే ఉత్తరీయం జారినప్పుడల్లా యాత్రికుల్లో ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. "బండరాళ్ళు మోసినట్టుండాది" అని బావ మెట్టుకూ మెట్టుకూ ఆగారు. గాలిగోపురం దాటాక ఉన్నట్టుండి నిటారుగా నిలబడ్డారు. వడ్డాణం మీద చెయ్యి వేశారు. "తేలిగ్గా ఉండాదబ్బా" అన్నారు. నోరు ఆయనదే, మాటా గొంతూ మా అక్కవి. ఒట్టు పెట్టి చెబుతున్నాను. అలాగే కూలబడిపోయారు.

శవం మీంచి దిగిన సొమ్ము స్వామికి పనికిరాదని పెద్దలన్నారు. తండ్రి పోయిన ఇంటివాళ్ళు ఏడాదిదాకా కొండెక్కకూడదు కూడా. శ్రీనివాసులు నగలను మూటగట్టి తిరిగి ఇనప్పెట్టెలోనే పెట్టాడు. ఆ బంగారం నీ ప్రాణానికి మొక్కినది నాయనా, ఏడాది దాటగానే అంతకంతా కొత్తది చేయించి ఇచ్చెయ్ అన్నాను. వాడు తండ్రిలాగే నవ్వాడు. "సూస్తాంలే మామా. స్వామికేం తక్కువ?" అన్నాడు.

చెంగల్రాయ నాయుడుగారి వంటి దాతను, తప్పు చేసి ఆ తప్పును మోసుకుంటూ కొండెక్కిన అటువంటి ధీరుణ్ణి ఈ సీమ మళ్ళీ చూడదు. పాకాల స్టేషన్లో ఇప్పుడు పానకం పోసేవాళ్ళు లేరు. నా బావకు సాష్టాంగ నమస్కారం పెట్టి ఇక్కడితో ఆపుదామనుకున్నాను.

ఇవాళ శుక్రవారం. ఇంతవరకూ రాసి కలం పెట్టబోతుండగా లోపలి గదిలోంచి శ్రీనివాసులు పిలిచాడు. వెళ్ళాను. పెట్టె తెరిచి ఉంది. వాడి చేతిలో వడ్డాణం, పళ్ళెంలో కర్పూరం వెలుగుతోంది.

"మామా, ఈడ సూడు. నల్లబడిండాది కదా?"