ఆమె సీటు నా చేతులతోనే మార్చాను

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అల్లుడు టీవీలో ఏదో ముఖాముఖి పెట్టాడు. చూద్దును కదా, ఒకప్పుడు నేను పనిచేసిన కార్ల పందేల జట్టు యజమాని. జుట్టు నెరిసినా దర్జా తగ్గలేదు. తమ రోజుల్లో పిల్లలందరికీ ఒకే రకం కారు ఇచ్చేవారమనీ, ప్రతిభ ఉన్నవాళ్ళే గెలిచేవారనీ చెబుతున్నాడు. నేను టీ గ్లాసు కింద పెట్టి వాకిట్లోకి వచ్చేశాను. ఇన్నేళ్ళయినా ఒళ్ళు మండిపోయింది.

బంటింగ్ ఊరి దగ్గర పెద్ద తోటలో ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డులో పని నేర్చుకున్నవాణ్ణి నేను. తోటవాళ్ళు దాన్ని అమ్మేశాక ఆ జట్టులో మెకానిక్కుగా చేరాను. చిన్న గోకార్టుల్లో తర్ఫీదైన పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు మొట్టమొదట ఎక్కే ఒంటి సీటు పందెం కార్లు అవి. పైకప్పు ఉండదు, చక్రాలు బయటికే ఉంటాయి. ఎవరికి ఏ కారన్నది ఏడాది మొదట్లో చీటీలు వేసి తేల్చేవారు, ఆ తర్వాత మార్చకూడదు. కాగితం మీద అన్నీ సమానమే గానీ, రోజూ మా జట్టు నాలుగు కార్ల ఇంజన్లకీ చెవి ఒగ్గి వినేవాడికి ఏది చురుగ్గా లాగుతుందో, ఏది ఈడుస్తుందో తెలియకుండా ఉంటుందా?

అందరిలోకీ మంచి కారు మా చెల్లెలి కూతురికి పడింది. వాళ్ళ నాన్న క్లాంగ్ ఊరికి వెళ్ళే బస్సు నడిపేవాడు. ఎంపిక పోటీలో మగపిల్లలందరినీ దాటి వచ్చిన పిల్ల అది. ఆ ఏడాది ఆఖరి పందెం గెలిస్తే పై తరగతి కార్లలో చోటు దొరుకుతుంది. పొద్దున జరిగిన అర్హత పోటీలో అందరికంటే వేగంగా చుట్టు తిరిగివచ్చి, అమ్మతో కలిసి అన్నం తినడానికి వెళ్ళింది.

అప్పుడొచ్చాడు యజమాని. తన స్నేహితుడి కొడుకు కారు సరిగా లాగడం లేదట, వాడికీ మా పిల్లకీ కార్లు మార్చేయమన్నాడు. నిబంధన ఒప్పుకోదన్నాను. మెకానిక్కులు బోలెడుమంది దొరుకుతారు అని మాత్రం అన్నాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు బడికెళ్తున్నారు. తలొంచుకుని రెండు కార్ల నెంబర్ల స్టిక్కర్లు ఊడదీసి అటూ ఇటూ మార్చాను, పిల్ల ఒంటి కొలతకి పోసిన స్పాంజి సీటు బయటికి తీసి ఆ ఈడ్చే కార్లో బిగించాను.

పిల్ల అన్నం తిని తిరిగొచ్చి చూసింది.

"మావా, నా సీటు ఆ కార్లో ఏటి సేస్తంది?"

"పెద్దాయన మార్సమన్నాడమ్మా. నేనేటి సేయగల్ను లా."

"నువ్వే మార్సినావా?"

తలూపాను. హెల్మెట్ పెట్టుకుని ఆ కారెక్కింది.

పందెంలో మలుపు మలుపుకీ ముందుకొచ్చేది, తిన్నని దారిలో ఆ కుర్రాడు అవలీలగా దాటిపోయేవాడు. చివరికి మూడోదిగా వచ్చింది. ఆ కుర్రాడి కోసం చప్పట్లు కొట్టేవాళ్ళలో యజమానిని చూసి నేను ఆగలేకపోయాను. నేరుగా న్యాయనిర్ణేతల గదికి వెళ్ళి, నేను చేసిందంతా చెప్పేశాను. వాళ్ళు ఆయన్ని పిలిపించారు. ఆడపిల్ల కారుకి బ్రేకులు అనుమానంగా ఉన్నాయనీ, దాని క్షేమం కోసమే మార్పించాననీ చెప్పి కార్ల మరమ్మతులు రాసే పుస్తకంలో రాత చూపించాడు. సిరా తడి ఆరని రాత. పిల్ల క్షేమమట! బ్రేకులు అంత అనుమానమైతే ఆ స్నేహితుడి కొడుకుని అందులో ఎలా కూర్చోబెట్టాడని ఆ గదిలో ఒక్కరూ అడగలేదు. ఆ సాయంత్రమే నన్ను పంపేశారు. మరుసటి ఏడాది మా పిల్లకి ఏ జట్టులోనూ చోటు దొరకలేదు.

ఇప్పుడు ఆ పిల్ల బంటింగ్‌లో కారు నడపడం నేర్పుతోంది. ముఖాముఖి చూసిన సాయంత్రం ఫోన్ చేసి నా కోపమంతా వెళ్ళగక్కాను. అదీ చూసిందట.

"ఆడి సంగతి ఒగ్గేయి మావా. నువ్వు ఆ గదిలోకెల్లి సెప్పినావు గదా, నాకది సాలు" అంది.

నేటి పందేల కార్లలో ప్రతి కదలికా యంత్రాల్లో నమోదవుతుందనీ, అలా మార్చేస్తే ఇట్టే పట్టుబడుతుందనీ అల్లుడు చెబుతున్నాడు. సంతోషమే. ఆడపిల్లలు కూడా చాలామంది వస్తున్నారట. కానీ ఆ రోజు ఏ యంత్రమూ అవసరం లేకపోయింది. ఆ గదిలోకి నేను పందేనికి ముందే వెళ్ళి ఉంటే సరిపోయేది.