శారద అప్పజెప్పిన పొట్టి కోళ్లు

కోరుట్లల మా వాడకట్టుకు బషీరున్నీసా అంటే ఒళ్లె బీడీల చాట పెట్టుకొని అరుగు మీద కూసుండే మనిషి. ఆమెకు ఎనిమిది నాటు పెట్టలు, మోకాలెత్తు ఎర్ర పుంజు ఉండేటివి. ఆ పుంజును పిల్లప్పటి సంది అరచేతుల మేపి సాదింది.

రెండు వేల పదకొండు సెప్టెంబరుల సిరిసిల్ల నుంచి శారద అచ్చింది. పెండ్లిళ్లు కాకముందు ఇద్దరివీ పక్కపక్క ఇండ్లు. భీవండిల తల్లికి పానం బాగలేదని, వారంల అస్తనని, మూడు పొట్టి పెట్టలను, ఒక పొట్టి పుంజును అప్పజెప్పి పోయింది. అవి పావురాల కంటె జెర పెద్దగుంటయి, గంతే.

రెండు రోజులకే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు బందయినయి. శారద భీవండిలనే చిక్కుకున్నది.

పొట్టి పుంజే ముందుగాల ఎర్ర పుంజు మీదికి ఎగిరింది. పెద్దది దాన్ని గోడకు నూకి పొడిసింది. నెత్తురు చూసి పెట్టలు గూడ మీద పడ్డయి. బషీరున్నీసా ఉరికచ్చి పొట్టిదాన్ని ఎత్తుకునేసరికి దాని కుడికన్ను పోయింది. పశువుల దవాఖానకు తాళం, అందరు సమ్మెల ఉన్నరు. ఇంటికచ్చి పసుపు, కొబ్బరినూనె రాసింది.

"ఇవి అమానత్, నమ్మి అప్పజెప్పినయి. శారదకు ఏం ముఖం చూపియ్యాలె?" అన్నది భర్త పాషాతోని.

పాషా నులకమంచం చుట్టూ బెత్తెడు సందు ఇడిసి కట్టెలు కట్టిండు. పొట్టియి దూరుతయి, పెద్దయి దూరలేవు. నూకలు, నీళ్లు మంచం కిందనే పెట్టిన్రు. అయినా ఆమెకు నిమ్మళం లేదు. బీడీల ఆకు కత్తిరిస్తున్నా చెవి వాకిట్లనే. ఏ కోడి ఒర్రినా చాట ఇడిసి లేసేది. ఎర్ర పుంజు మంచం దిక్కే కాసుకొని, బయటికచ్చిన పొట్టి పెట్ట మీదికెక్కి తొక్కేది. ఒకదానికి వీపు మీది ఈకలన్నీ ఊడి తోలు తేలింది.

నడుమ శారద ఫోన్ చేసి కోళ్లెట్లున్నయని అడిగింది. మంచిగున్నయని చెప్పి ఆ పూట బషీరున్నీసా బువ్వ తినలేదు.

నెల దాటినంక సమ్మెటోళ్లు రోడ్డు మీదనే వండుకొని తినే వంటా-వార్పు పెట్టిన్రు. సమ్మె శిబిరం చూసుకునే ముత్తయ్య ఇంటింటికి బియ్యం, కూరగాయలు అడుగుకుంట అచ్చిండు. ఆమె ఎర్ర పుంజును తెచ్చి ఆయన చేతుల పెట్టింది. నిజంగనే ఇస్తున్నవా అని ముత్తయ్య రెండుసార్లు అడిగిండు. ఆమె తలుపేసుకున్నది.

బస్సులు నడిచినంక శారద అచ్చింది. ఆమె కూసోకముందే బషీరున్నీసా పొట్టి పుంజు కన్ను పోయిన సంగతి, ఫోన్ల అబద్ధం చెప్పిన సంగతి చెప్పింది. శారద పొట్టి పుంజును ఎత్తుకొని శానసేపు దాని ముఖమే చూసింది. తర్వాత నీ ఎర్ర పుంజేదని అడిగింది. పాషా చెప్పిండు.

"కన్ను పోవుడు నీ తప్పు గాదు ఆపా," అన్నది శారద. "నాతోని అబద్ధమాడుడే తప్పు. నేను నిన్ను కొడుతనా ఏంది?"

బషీరున్నీసా అప్పుడు ఏడ్సింది.

వీపు ఈకలూడిన పెట్ట మంచం కింద, బషీరున్నీసా తెచ్చి పెట్టిన పెద్ద కోళ్ల గుడ్లను పొదుగుతున్నది. శారద దాన్ని లేపనియ్యలేదు. పిల్లలయ్యేదాక ఉండనియ్యుమని, మిగిలిన మూడింటిని గంపల పెట్టుకొని సిరిసిల్ల బస్సెక్కింది.