తెరేసమ్మ తరిగిన కంద

తెరేసమ్మకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఎంత తగ్గేదంటే, నేను పీట ఆమె దగ్గరకు జరుపుకుని కూర్చోవాల్సి వచ్చేది. జరిగింది 1974 ఫిబ్రవరిలో. నేను విన్నది రెండేళ్ళ తర్వాత. అప్పటికీ ఆ కోపం చల్లారలేదు. విన్నాక, చల్లారాలని నాకూ అనిపించలేదు.

బందరు కాలవ పక్కన ఒక గెస్ట్‌హౌస్ ఉండేది. దూరదేశాల వాళ్ళు గన్నవరంలో విమానం దిగో, స్టేషన్‌లో రైలు దిగో అక్కడ రెండు రోజులుండి, బ్యారేజీ, ఉండవల్లి గుహలు చూసుకుని పోయేవాళ్ళు. తెరేసమ్మ అక్కడ వంటమనిషి. ఇల్లు గుణదలలో. భర్త శౌరయ్య చనిపోయిన ఏడాదే ఆ వంటింట్లో చేరింది.

ఈ సంగతి జరగటానికి మూడేళ్ళ ముందు ఒక తెల్లామె వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. మాంసం వద్దంది, చేప వద్దంది, గుడ్డు వద్దంది. అక్కడితో ఆగకుండా పాలు, పెరుగు, నెయ్యి కూడా వద్దని చెయ్యి ఊపింది. "ఇదేం జబ్బో అనుకున్నానండీ. మర్నాటికి అర్థమైంది, ఆమె అడిగేది మా అమ్మ వంటేనని" అంది తెరేసమ్మ.

ఆమె తల్లి పామర్రు దగ్గర పల్లెలో నాట్లకు వెళ్ళే మనిషి. ఇంట్లో కోడి ఉడికేది క్రిస్మస్‌కీ, ఈస్టర్‌కీ. దానికి ముందు ఉపవాసాల తపస్కాలం నలభై రోజులూ ఎండుచేప వాసన కూడా ఉండేది కాదు. మిగిలిన రోజుల్లో గట్ల మీద దొరికిన పొన్నగంటి కూర, దొడ్లో బచ్చలి, చామదుంపలు, కంద, ఉలవచారు. కూరలో నాలుగు చుక్కలు నువ్వుల నూనె.

"గేదెల్ని మేపింది మా నాన్న. పెరుగు తిన్నది కామందులు. నెయ్యి రంగు నాకు పెళ్ళయ్యేదాకా తెలీదు. ఆ తెల్లామె తనంతట తాను వదిలేసింది. మా చేత ఎవరు వదిలించారు?"

 

మర్నాడు పొద్దున్నే తెరేసమ్మ ఆ తెల్లామెను వన్ టౌన్ మార్కెట్‌కు తీసుకెళ్ళింది. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అందుకని ఆకు తుంచి ముక్కు దగ్గర పెట్టేది. నలిపి వేళ్ళకు రాసేది. చుక్కకూర నాలుక మీద పెట్టి, ఆమె మొహం చిట్లితే నవ్వేది. తిరిగొచ్చాక వెనక వరండాలో చాప పరిచి, కత్తిపీట ముందు కూర్చోబెట్టి, అన్నీ ఆమె చేతే చేయించింది. ఆ తెల్లామె ఊరికి పోయి నలుగురికి చెప్పింది. వాళ్ళు ఇంకో నలుగురికి ఉత్తరాలు రాశారు. మూడో చలికాలం వచ్చేసరికి గెస్ట్‌హౌస్‌లో దిగేవాళ్ళు గుహల కంటే ముందు మార్కెట్ సంగతి అడగటం మొదలుపెట్టారు.

అప్పుడు మేనేజరు రామకోటేశ్వరరావు గారి దృష్టి వెనక వరండా మీద పడింది.

"తెరేసమ్మా, వచ్చే శనివారం తొమ్మిదిమంది వస్తున్నారు. ఈసారి వంట క్లాసు ముందు హాల్లో పెడుతున్నాం. పేపరాయన కూడా వస్తాడు" అన్నాడు.

"మంచిదండీ."

"మహిళా మండలి సెక్రటరీ గారున్నారే, శివపార్వతి గారు. ఆవిడ చెప్తారు క్లాసు."

"మరి నేనండీ?"

"నువ్వు కూరలు ఏరిపెట్టు, తరిగివ్వు. అంతే. నీ ఉద్యోగానికేం ఢోకా లేదు."

"ఉద్యోగం సంగతి నేనడగలేదండీ. మూడేళ్ళ నుంచి చెప్తున్నది నేనుగా."

"అది కాదు తెరేసమ్మా. వాళ్ళు ప్యూర్ వెజిటేరియన్స్. రేపు పేపర్లో పడుతుంది. నీచు వండే చేత్తో శాకాహారం ఏంటని చదివినవాళ్ళు అనరూ?"

రామకోటేశ్వరరావు గారింట్లో ప్రతి ఆదివారం కోడి తెగుతుంది. ఆ సంగతి వీధి వీధంతటికీ తెలుసు. "వాళ్ళావిడది నీచు వండే చెయ్యి కాదనుకుంటాను. అది నా ఒక్కదానికే అంటింది" అంది తెరేసమ్మ నాతో. ఆ రోజు ఆయనతో మాత్రం ఏమీ అనలేదు. అననందుకు ఇప్పటికీ తన మీద తనకు కోపమే.

ఆమెకు కావలసింది పెద్ద గౌరవమేమీ కాదు. దండ అడగలేదు, ఫొటో అడగలేదు. తను చేసిన వంట తను చేసిందేనని పదిమందిలో ఒప్పుకోమంది. ఆ ఒక్క మాట దగ్గరే అందరి నోళ్ళూ మూతపడ్డాయి.

శనివారం పొద్దున శివపార్వతి గారు కారులో వన్ టౌన్ దాకా వచ్చి, వీధి మొదట్లో తోపుడు బండ్లు అడ్డంగా ఉంటే దిగి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నడిచారు. పాపం, ఆవిడ ఆ మార్కెట్‌లో అడుగుపెట్టటం అదే మొదలు. ఆవిడ ఇంటికి కూరలు గంపలో గుమ్మం దాకా వస్తాయి. ఆవిడ వెనక తొమ్మిదిమంది, వాళ్ళ వెనక మేనేజరు. అందరి వెనక రెండు సంచులతో తెరేసమ్మ.

ఆకుకూరల బుల్లెమ్మ దూరం నుంచే చూసింది. "ఏంటొదినా, ఇవాళ తోకలో ఉన్నావు? కాలు బెణికిందా?"

"నోరు మూసుకుని బచ్చలి కట్టవే."

"మూస్తాలే. మరి ఆ అమ్మగారు చుక్కకూర పట్టుకుని పాలకూరని చెప్తోంది, అప్పుడు కూడా మూసుకోనా?"

"అప్పుడు కూడా."

"తినేటప్పుడు వాళ్ళ పళ్ళే చెప్తాయిలే."

ఆ గుంపుకు పెద్ద, జుట్టంతా నెరిసిన ఒకావిడ. చేతిలో మడతపెట్టిన ఉత్తరం ఉంది. ఆవిడ మేనేజరుకు ఆ ఉత్తరం చూపించి "తెరేసా? తెరేసా?" అని చుట్టూ చూసింది. ఆయన గబగబా ఇంగ్లీషులో ఏదో చెప్పి, శివపార్వతి గారి వైపు చెయ్యి చూపించాడు.

"వాళ్ళ మాటల్లో నాకు తెలిసింది నా పేరొక్కటే. ఆ పేరు పట్టుకెళ్ళి ఆయన వేరే మనిషికి అంటించాడు. నేను సంచులు మోస్తూ చూస్తున్నాను" అంది తెరేసమ్మ. అంత మెల్లగా అంది, నేను ఇంకోసారి అడగాల్సి వచ్చింది.

వంటకం కంద బచ్చలి. పెళ్ళిళ్ళలో వడ్డించే కూర కాబట్టి దానికి పరువు ఎక్కువని శివపార్వతి గారి ఉద్దేశం. ఇంకా తడి మట్టి అంటుకుని ఉన్న ఒక కంద దుంప చూపించి అది తీసుకోమన్నారు.

"అమ్మగారూ, అది నిన్న తవ్విన కందండీ. దురద ఎక్కువుంటుంది. ఆ మూలనున్న పాతది తీసుకుందామండీ."

"అతిథులకు పాతవి పెడతామా?"

తెరేసమ్మ ఇంకేదో అనబోతే బుల్లెమ్మ మోచేత్తో పొడిచింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకొదినా. తరిగి అవతల పడెయ్."

తెరేసమ్మ అలా అవతల పడేసే మనిషి కాదు. గెస్ట్‌హౌస్‌కు వచ్చి దుంపను మట్టి పోయేదాకా కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టింది. చేతులకు నూనె రాసుకుని, పొడి కత్తిపీట మీద తరిగింది. ముక్కలు పళ్ళెంలో పోసి, పొడి గుడ్డ కప్పి పంపింది. కంద విషయంలో మా ప్రాంతపు వంటవాళ్ళందరిదీ ఒకటే మాట. తరిగాక నీళ్ళు తగలకూడదు, తిన్నగా మరిగే చింతపండు నీళ్ళలో పడాలి.

ముందు హాల్లో చాపలు పరిచారు. స్టవ్ వెలిగించారు. పేపరాయన కుర్చీలో కూర్చున్నాడు. శివపార్వతి గారు గుడ్డ తీసి ముక్కలు చూశారు.

"ఇవి కడగాలి" అన్నారు.

"తరగకముందే శుభ్రంగా కడిగిందండీ" అన్నాడు మేనేజరు.

"తరిగింది తనే కదండీ. ఎక్కడ వండినా మా ఇంటి దేవుడికి నైవేద్యం పెట్టినట్టే వండుతాను నేను. కడగకుండా ముట్టుకోను."

తెరేసమ్మ గుమ్మం అవతల నిలబడి ఉంది. "అమ్మగారూ, ఇప్పుడు నీళ్ళు తగిలితే చేతులు పాడవుతాయండీ" అంది.

"నువ్వు లోపలికి రాకు."

బేసిన్‌తో నీళ్ళు వచ్చాయి. ఏ పనైనా తమ చేతులతో చెయ్యటం ఈ క్లాసుకు అలవాటని ఉత్తరంలో చదివి వచ్చారేమో, ఆ తొమ్మిదిమందీ మోచేతుల దాకా ముంచి ఆ ముక్కలు కడిగారు. శివపార్వతి గారు కూడా కడిగారు. ఒక మనిషి తాకిన మైల పోవాలని కడిగారు. పోవటానికి అక్కడ మైలంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా కంద పాలు. అవి నీళ్ళలో కలిసి పద్దెనిమిది చేతులకూ, ఇంకో రెండు చేతులకూ సమానంగా పాకాయి.

అయిదు నిమిషాలు పట్టింది. ముందు ఒక కుర్రవాడు మణికట్టు గోక్కున్నాడు. పక్కామె మెడ తుడుచుకుంది, మెడ కూడా ఎర్రబడింది. తర్వాత అందరూ లేచి నిలబడ్డారు. మేనేజరు ఇంగ్లీషు మర్చిపోయాడు.

"ఎవరైనా మీ చోట ఉంటే కాసేపు గోక్కోనిచ్చేవాళ్ళు" అన్నాను నేను.

"వాళ్ళేం చేశారండీ నన్ను? తడుముకోవటానికి టైం ఎక్కడుంది" అంది తెరేసమ్మ.

నానబెట్టిన చింతపండు గిన్నె తీసుకుని, రావద్దన్న హాల్లోకి వెళ్ళింది. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, చింతపండు గుజ్జు చేతులకు రుద్ది, తుడిచి, పైన నూనె రాసింది. నెరిసిన జుట్టావిడ ఆమె మొహంలోకి చూసి "తెరేసా" అంది. ఈసారి అడగలేదు, అంది. తెరేసమ్మ తల ఊపింది.

శివపార్వతి గారు చెయ్యి చాపలేదు. "ఆ గిన్నె అక్కడ పెట్టు" అన్నారు. పెట్టింది. తెరేసమ్మ పిసికిన చింతపండునే ఆవిడ రెండు చేతులకూ రుద్దుకున్నారు. దాన్ని మాత్రం కడగలేదు. తలనొప్పిగా ఉందని చెప్పి కారెక్కి వెళ్ళిపోయారు.

"ఇక నువ్వే కానివ్వు తెరేసమ్మా" అన్నాడు మేనేజరు.

"ఇక్కడేనాండీ? వెనకా?"

"ఇక్కడే."

కడిగిన ముక్కలను ఎక్కువ చింతపండు పోసి ఉడికించి దారికి తెచ్చింది. బచ్చలి తుంచటం, ఆవాలు నూరటం వాళ్ళ చేత చేయించింది. నువ్వుల నూనెలో పోపు పెట్టింది. ఇంగువ పడ్డప్పుడు అందరినీ వంగి వాసన చూడమంది. పేపరాయన ఈమె ఎవరని అడిగితే మేనేజరు, "మా వంటమనిషి, సాయం చేస్తోంది" అన్నాడు. ఎదురుగా గరిటె తిప్పుతున్నది ఆమె ఒక్కతే. సాయం ఎవరికి చేస్తోందో ఆయనే చెప్పాలి.

విస్తళ్ళు వేశారు. తొమ్మిదిమందీ, పేపరాయనా కూర్చున్నారు. నెరిసిన జుట్టావిడ పక్కన చోటు చూపించి, మేనేజరును కూడా కూర్చోమంది.

"ఇవాళ శనివారం. నేను ఒంటిపూటండీ. పగలు తినను" అన్నాడు మేనేజరు, పేపరాయన వైపు తిరిగి.

తెరేసమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఆరేళ్ళుగా రామకోటేశ్వరరావు గారు ప్రతి మధ్యాహ్నం, శనివారాలతో సహా, స్టోరు గదిలో తలుపు వేసుకుని తింటున్నది తెరేసమ్మ వంటే. అడిగి అడిగి మారు వేయించుకునే మనిషి. ఆ తలుపు ఎందుకు వేస్తాడో ఆమె ఆరేళ్ళు ఆలోచించలేదు. ఎండ పడుతుందనో, మర్యాదకనో అనుకుంది. ఆ క్షణంలో తెలిసింది.

"మేనేజరు గారండీ, పోయిన శనివారం గోంగూర పప్పు రెండుసార్లు వేయించుకుంది ఎవరండీ?" అంది, మెల్లగా.

తెల్లవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. పేపరాయన చెయ్యి విస్తట్లో ఆగింది.

"తర్వాత మాట్లాడదాం తెరేసమ్మా."

"ఇందులో మాట్లాడేదేం లేదండీ. తింటే ఇక్కడ కూర్చుని తినండి. పదిమందిలో తినలేని వంట స్టోరు గదిలో కూడా తినొద్దు. వచ్చినవాళ్ళకి వండుతాను. మీకు వండను."

చెప్పి, వంగి తర్వాతి విస్తట్లో కూర వేసింది.

పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. విదేశీ అతిథులకు మహిళా మండలి వారు ఆంధ్ర శాకాహారం నేర్పారని. తెరేసమ్మ పేరు లేదు. శివపార్వతి గారి చేతులు ఎలా ఉన్నాయో కూడా లేదు. అది చదివినవాళ్ళంతా మేనేజరు కోరుకున్నట్టే అనుకుని ఉంటారు.

రామకోటేశ్వరరావు గారు పంతొమ్మిది రోజులు హోటల్లో తిన్నారు. ఆమెను తీసేద్దామనుకోలేదని కాదు. కొత్త ఉత్తరాలు వస్తున్నాయి, వాటిలో ఆమె పేరుంటోంది. ఇరవయ్యో రోజు నలుగురు యాత్రికులు హాల్లో భోజనానికి కూర్చుంటే ఆయన వచ్చాడు. వీధి తలుపు బార్లా తీసి ఉంది. కాలవ గట్టు మీద పోయే రిక్షావాళ్ళకు కూడా కనపడేలా, ఆ నలుగురి పక్కన కూర్చున్నాడు.

"వడ్డించు తెరేసమ్మా" అన్నాడు. ఆ నలుగురితో, తనకు తెలిసిన ఇంగ్లీషులో, వంటా క్లాసూ ఈవిడవేనని చెప్పాడు.

ఆమె వడ్డించింది. ఆయన తిన్నాడు, మారు వేయించుకున్నాడు.

"పోన్లెండి, అప్పటికైనా మీ కోపం తీరింది" అన్నాను.

తెరేసమ్మ నా వైపు చూసిన చూపుకు నా మాట నాకే తేలిపోయింది.

"అన్నం తినటానికి తలుపు తీసినందుకు నేను సంబరపడాలాండీ? అసలు ఎందుకు వేశాడు?"