సమ్మన్న చెయ్యి దించిన రోజు

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నిన్న పొద్దున భోపాల్‌పట్నం వారం బజార్లో ఉల్లిగడ్డ బస్తాలు దింపుతున్నా. పక్కన సమ్మన్న జాగా ఖాళీగా ఉంది. లేట్ అయిందేమో, వేరేవాళ్లు కూర్చుంటారేమో అని నా బస్తా ఒకటి అక్కడ పెట్టా.

అప్పుడే సమ్మన్న భార్య, మా వదిన ఫోన్.

"తమ్మీ, మీ అన్న లేడు" అంది. అంతే.

తెల్లారుతుండగా ఛాతీలో నొప్పి అన్నాడట. బీజాపూర్ ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

ఆ బస్తా తీయడానికి చేతులు రాలేదు. అక్కడే వదిలేసి పోయా.

ఎండు చేపల సమ్మయ్య, మా సమ్మన్న, అంటే బజార్లో తెలియనివాళ్లు లేరు. తెలుగు, హిందీ, హల్బీ, గోండీ, ఏ భాషలో బేరం ఆడితే ఆ భాషలోనే నవ్వించి అమ్మేవాడు.

నాకు మాత్రం స్కూల్ నుంచే తెలుసు. అది మంచి పరిచయం కాదు.

నాకంటే ఒక క్లాస్ పైన ఉండేవాడు. నా చెప్పులు వాగులో పారేసేవాడు. నా తల నీళ్లలో ముంచి, ఊపిరాడక కొట్టుకుంటుంటే నవ్వేవాడు. మొదట భయంతోనే అన్నా అని పిలిచా. తర్వాత అలవాటయింది. ఎప్పుడు ఇష్టమైందో గుర్తులేదు.

మా స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. ఎవడు కంప్లైంట్ చేస్తే వాడే బరిగె తేవాలి. గురూజీ దాంతోనే కొట్టేవారు.

ఒకరోజు ఓర్చుకోలేక చెప్పేశా. స్కూల్ వెనక వావిలి చెట్టుకు మంచి పచ్చి బరిగె ఇరిచి తెచ్చా. సమ్మన్న అరచేతులు వాచిపోయేదాకా కొట్టారు. వాడు ఏడవలేదు. నన్నే చూస్తున్నాడు.

సాయంత్రం వాగు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు.

నా ఎడమ చిటికెన వేలు ఇప్పటికీ పూర్తిగా చాపుకోదు. ఇంట్లో జారిపడ్డా అని చెప్పా.

ఆ తర్వాత స్కూల్లో ఎవరూ బరిగె తేలేదు. గురూజీకి చాలా సంతోషం. "చూసిండ్రా, ఒక్కసారి డండా పడ్డది, పిల్లలంతా సెట్ అయ్యిండ్రు" అని మా పెద్దవాళ్లకు చెప్పుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నిజంగానే అలా నమ్మారు.

సెట్ ఏమీ కాలేదు. చెప్పడం మానేశాం, అంతే.

పెద్దయ్యాక ఇద్దరి జాగాలు బజార్లో పక్కపక్కనే పడ్డాయి. చాయ్ తాగాం, పెళ్లిళ్లకు పోయాం. ఆ వాగు సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

మొన్న ఎండాకాలం ముందు సమ్మన్న కొడుకు రాజేష్ మీద స్కూల్ నుంచి ఫోన్ వచ్చింది. పక్క ఊరి దోర్లా తెగ పిల్లాడిని, వాడి మాట వెక్కిరిస్తూ స్కూల్ నీళ్ల నల్లా దగ్గర రోజూ కొడుతున్నాడట. ఆ పిల్లాడు స్కూల్‌కు రావడం మానేశాడు.

సమ్మన్న రాజేష్‌ను బజార్‌కే పిలిపించాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకుంటారా.

"నాలుగు తగిలియ్యి సమ్మన్నా, దెబ్బకు ఫిట్ అయితడు."

సమ్మన్న చెయ్యి లేపాడు. పిల్లాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత దించేశాడు.

"కాక చెయ్యి వట్టుకో" అన్నాడు. కాక అంటే నేనే, ఎందుకో నాకు అర్థం కాలేదు. "ఆ చిటికెన ఏలు సాపియ్యి."

రాజేష్ మెల్లగా లాగాడు. అది చాపుకోలేదు.

"ఎందుకు సాపుకుంటలేదో ఎరుకనా? నేనే ఇరగ్గొట్టిన. గురూజీ నన్ను కొట్టిన దినమే. ఆయన కొడ్తాంటే తప్పు చేసిన అని ఒక్కసారన్న అనిపియ్యలే. బరిగె తెచ్చినోడు ఏడున్నడో, గదే సూసుకుంట నిలబడ్డ. ఇప్పుడు నేను నిన్ను కొడ్తె, రేపు నువ్వు ఆ పోరని ఏళ్లు ఇరగ్గొడ్తవ్."

ఇదంతా కొడుకుతోనే చెప్పాడు. నా వైపు చూడలేదు. చేపల మీద ఈగలు తోలుకుంటూ కూర్చున్నాడు.

నాకు సారీ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు అన్న మాటే నాకు సరిపోయింది.

తర్వాత కొడుకును వెంటబెట్టుకుని ఆ పిల్లాడి ఇంటికి పోయాడు. వాళ్ల నాన్న ముందు తప్పు ఒప్పించాడు. స్కూల్లో మేడమ్‌కు ఒకటే మాట చెప్పాడు. "ఏ పోరడు చెప్పినా ఇనున్రి మేడమ్. ఎవడు చెప్పిండో మాత్రం బయటికి రానియ్యకున్రి."

బజార్ రోజు కూడా, బేరం మధ్యలోనే దుకాణం నాకు అప్పజెప్పి, స్కూల్ నల్లా దగ్గర పోయి నిలబడేవాడు. ఆ పిల్లాడు మళ్లీ స్కూల్‌కు వచ్చాడు.

అద్భుతం ఏమీ జరగలేదు. మధ్యలో రాజేష్ మళ్లీ వాడిని తోసేశాడు. సమ్మన్న మళ్లీ వాళ్ల ఇంటికి పోయాడు.

"కొడ్తె ఒక్క నిమిషంల అయిపోతుండె తమ్మీ. గిట్ల తిరిగితే నా బేరమంత పోతాంది" అని నవ్వాడు. కానీ తిరగడం ఆపలేదు.

పని ఇంకా సగంలోనే ఉంది. మనిషి లేడు.

నిన్న దహనం దగ్గర రాజేష్ తడి బట్టలతో కుండ ఎత్తుకుని నిలబడ్డాడు. ఒక పెద్దాయన నా పక్కనే అన్నాడు. "తండ్రి లేని పోరడు. ఇప్పటిసంది దెబ్బల భయం పెట్టకపోతే చేతికి రాడు."

రాజేష్ విన్నాడు. వాడి చూపు నా చేతి మీద పడింది.

"వద్దు మామా. ఆయన కొట్టలేదు, మనం కూడా కొట్టొద్దు" అన్నా.

ఆ దోర్లా పిల్లాడు కూడా వాళ్ల నాన్నతో వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. వాడి మనసులో ఏముందో నాకు తెలియదు. అడగలేదు.

సమ్మన్నా, వచ్చే బజార్ నుంచి నా ఉల్లిగడ్డలు ఎవరికైనా అప్పజెప్పి, ఆ నల్లా దగ్గర నేను నిలబడతా. నీ కొడుకు మీద ఎవరి చెయ్యీ లేవనివ్వను. వాడి చెయ్యి ఇంకొకరి మీద లేవనివ్వను.

ఇక నువ్వు తిరిగింది చాలు. నిమ్మళంగా పండుకో అన్నా.