పెళ్ళికూతురి వకీలు

నేను పుట్టు పిరికివాణ్ణి. ఈ మాట దుబాయ్ పక్కన రాస్ అల్ ఖైమాలో నాతో పనిచేసేవాళ్ళకు చెబితే నవ్వుతారు. పదిహేడేళ్ళుగా అక్కడి రాతి క్వారీలో నా పని కొండకు రంధ్రాలు వేయించడం, మందు కూరించడం, పేల్చడం. దానికి నాకు భయం లేదు. అది ఎప్పుడు పేలుతుందో నాకు తెలుసు కదా. ఎప్పుడు ఏమవుతుందో తెలియనివాటికే నేను వణుకుతాను. విమానం, ఆసుపత్రి, కొత్త నంబరు నుంచి వచ్చే ఫోను.

కరోనా వెళ్ళిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్న ఏడాది అలాంటి ఫోనే ఒకటి వచ్చింది. కెనడా నంబరు. ఎత్తాలా వద్దా అని చూస్తూనే ఎత్తాను.

"చాచా, నేను" అంది అవతలి గొంతు.

క్వారీ కూలీల క్యాంపులో నాతో పన్నెండేళ్ళు ఒకే గదిలో ఉన్న స్నేహితుడి కూతురు. మాదీ వాళ్ళదీ నెల్లూరే. ఆ స్నేహితుడు 2020 ఎండాకాలంలో కరోనాతో పోయాడు. తర్వాత ఈ పిల్ల చదువుకని కెనడా వెళ్ళి, వాంకూవర్ పక్కన సర్రేలో ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉద్యోగం చేస్తోంది. అక్కడే ఒక హైదరాబాదు అబ్బాయితో పెళ్ళి కుదిరింది. వాళ్ళమ్మకూ మేనమామకూ వీసా రాలేదు.

"నా నిఖాకు మీరే వకీలుగా ఉండాల చాచా. అమ్మ కూడా ఆ మాటే అంటాండాది" అంది.

మా నిఖాలో వకీలంటే కోర్టులో వాదించేవాడు కాదు. పెళ్ళికూతురి తరఫు పెద్ద. ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని ఆమె గదికి వెళ్ళి, ఫలానా అబ్బాయితో నీ నిఖా జరిపించడానికి నన్ను వకీలుగా ఒప్పుకుంటున్నావా అని అడగాలి. ఆమె ఔనంటే ఆ మాట తెచ్చి ఖాజీ ముందు చెప్పాలి. తండ్రి లేనప్పుడు ఇంటికి నమ్మకస్తుడు ఎవరుంటే వాళ్ళు చేసే పని. నమ్మకస్తుడు అనుకోగానే నాకు చెమటలు పట్టాయి. సరేనమ్మా అని ఫోను పెట్టేశాను.

ఆ పిల్లకు తెలియనిది ఒకటుంది. 2020లో మా క్యాంపు గేటు దగ్గర కాపలావాడు పిస్తోలులాంటి థర్మామీటరు పెట్టుకుని నిలబడేవాడు. నుదుటి మీద చూపిస్తే జ్వరం అంకె పడేది. అంకె ఎక్కువ పడినవాణ్ణి పక్కకు తీసి బస్సు ఎక్కించేవారు. ఆ బస్సు ఎక్కడికి పోతుందో మాకెవరికీ సరిగా తెలియదు. పోయినవాళ్ళు చనిపోతున్నారని, శవం కూడా చూపించరని ఫోన్లలో ఒకటే పుకార్లు. ఆ రోజుల్లోనే నా స్నేహితుడికి జ్వరం తగిలింది.

"నన్ను ఆ బస్సు ఎక్కించబాకరా. ఎవురికీ చెప్పబాక" అని నా చేతులు పట్టుకున్నాడు.

నేను చెప్పలేదు. చెప్పకపోవడం ఒక్కటే అయితే కొంత నయం. ఫ్రీజరులో నీళ్ళ సీసా గడ్డకట్టించి, గుడ్డలో చుట్టి, గేటు దగ్గర వరుసలో మా వంతు వచ్చేదాకా వాడి నుదుటికి అదిమి పట్టింది నేనే. ఆ ఉపాయం నాదే. అంకె మామూలుగా పడేది. పొద్దున పనికి పోయేటప్పుడు ఒకసారి, సాయంత్రం వచ్చేటప్పుడు క్వారీ ఐసు డబ్బాలో దాచిన సీసాతో ఇంకోసారి. అలా నాలుగు రోజులు. ఐదో రోజు వాడికి ఊపిరి అందలేదు. అప్పుడు నేనే పరుగెత్తి క్యాంపు మేనేజరు ముదీర్‌కు చెప్పాను. అంబులెన్సు వచ్చింది. వాడు మళ్ళీ రాలేదు.

ఆ నాలుగు రోజులు ముందుగా తీసుకెళ్ళి ఉంటే బతికేవాడేమో. బతికేవాడు కాదేమో. ఇది తేల్చి చెప్పగల మనిషి ఈ లోకంలో లేడు, నా భయమంతా అదే.

నాకు ఎలాగో వీసా వచ్చింది, నేరుగా ఆ పిల్ల ముందు దిగే ధైర్యం లేక నవంబరులో ముందు క్యాల్గరీలో దిగాను. అక్కడ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చినవాడు కూడా మా గదిలోవాడే. కడప మనిషి. ఇప్పుడు అక్కడ ట్రైలరు నడుపుతున్నాడు. సీసా సంగతి నాకు కాక తెలిసినవాడు ఇతనొక్కడే. స్నేహితుడికి జ్వరం తగిలిన రెండో రోజు, అది ఎక్కువైందని తెలియగానే పరుపు చుట్టుకుని పక్క గదికి మారిపోయాడు. ఆ సంగతి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. విమానాశ్రయంలో నన్ను కావలించుకుని, వెంట తెచ్చిన దళసరి కోటు నాకు తొడిగి, జిప్పు కూడా తనే లాగాడు.

రెండు రోజులు వాళ్ళింట్లో ఉన్నాను. మూడో రోజు పొద్దున్నే తన కారులో సర్రేకి బయలుదేరాం. దాదాపు వెయ్యి కిలోమీటర్లు, అంతా కొండల్లోనే. దారిలో ఒక రాత్రి పడక. నేను ఏ కొండ చూసినా ఎక్కడ రంధ్రం వేయాలా అనే చూస్తాను, అలవాటు. బాన్ఫ్ అనే ఊరు దాటాక ఆ కొండలు చూసి ఆ బుద్ధి కూడా పోయింది. మా రాస్ అల్ ఖైమా కొండలు ఒంటి మీద బట్టలేనివి, లోపల ఏముందో కనిపిస్తుంది. ఇవి తెల్లగా మూసేసి ఉన్నాయి. రోడ్డు కూడా తెల్లగానే ఉంది. ఏది రోడ్డో ఏది లోయో వీడికి ఎలా తెలుస్తోందని నేను సీటు అంచు పట్టుకుని కూర్చున్నాను.

ఒకచోట కారు ఆపకూడదని బోర్డు కనిపించింది. ఎందుకని అడిగాను.

"పైనుంచి మంచు కూలుతాదప్పా. చలికాలం ముదిరితే సైన్యమోళ్ళు ఫిరంగులు పెట్టి కొట్టి ముందే కూలగొడతారు" అన్నాడు, ఇంటి ముందు పందిరి సంగతి చెప్పినట్టు.

పేల్చడం గురించి నాకు చెప్పాల్సిన పనిలేదు. పేలనిది ఇంకా పైనే ఉందని అర్థం. నేను కళ్ళు మూసుకుని తెలిసిన దువాలన్నీ చదివాను, తెలియనివి కూడా సగం సగం చదివాను.

కొండ దిగే మలుపులో ఎదురుగా పెద్ద లారీ వస్తోంది. మా కారు వెనక భాగం పక్కకు జారడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. ఇసుకలో జారితే బండి గొణుగుతుంది, ముందే చెబుతుంది. మంచు ఏమీ చెప్పదు. చావు ముందు చదివే కలిమా గట్టిగా అరిచాను. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది నా భార్యా కాదు, పిల్లలూ కాదు. చెప్పకుండానే పోతున్నానే అనుకున్నాను. లారీ దాటిపోయింది. మావాడు స్టీరింగు అటూ ఇటూ చిన్నగా తిప్పి కారును దారికి తెచ్చాడు. అతని మొహం కూడా పాలిపోయింది.

కింద ఒక చిన్న ఊరు వచ్చింది. పెట్రోలు బంకు పక్కన కాఫీ కొట్టు ముందు ఆపాడు. నేను సీటు బెల్టు తీయలేదు.

"హారన్ కొట్టు, చాయ్ బండికాడికే తెస్తారు" అన్నాను. మా దుబాయ్ అలవాటు.

అతను పగలబడి నవ్వాడు. "ఈడ హారన్ కొడితే తిట్టినట్టప్పా. దిగు."

నేను దిగలేదు. అతనే వెళ్ళి రెండు కప్పులు తెచ్చాడు. సగం కప్పు తాగి చెప్పాను. "నిఖాకు ముందే ఆ పిల్లకు సీసా సంగతి చెప్పేస్తా."

అతను కప్పు కింద పెట్టాడు. "ఎందుకప్పా? పోయినోడు పోయినాడు, ఖలాస్. పెళ్ళిపూట ఆ పాప గుండె పగలగొడతావా? ఆయమ్మికి ఈ పొద్దు మనం తప్ప ఎవరుండారు?"

"అందుకేరా. నన్ను వకీలుగా ఒప్పుకుంటావా అని నేనే అడగాల. తెలియకుండా ఒప్పుకుంటే అది ఒప్పుకున్నట్టా?"

"పెళ్ళే వద్దంటే?"

నేను కప్పు మూత తీసి మళ్ళీ పెట్టాను. అతను అద్దంలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "చెప్పేటప్పుడు నేను పక్క గదికి పోయినానని కూడా చెప్పు."

"నీ సంగతి నువ్వే చెప్పుకో" అన్నాను. కటువుగానే అన్నాను. ఇద్దరం చెప్పుకుంటే నా బరువు తగ్గుతుందేమోనని ఒక క్షణం ఆశపడ్డాను, ఆ ఆశ మీదే నాకు కోపం వచ్చింది.

నిఖా రోజు పొద్దున పది గంటలకు ఆ పిల్ల అద్దెకుంటున్న ఇంటికి వెళ్ళాను. చేతులకు ఇంకా ఆరని గోరింట, తల మీద దుపట్టా. ముక్కు అచ్చం వాళ్ళ నాయనదే. వంటగదిలో ఆమె స్నేహితురాళ్ళు షీర్ ఖుర్మా పాయసం చేస్తున్నారు. ఫోనులో వాళ్ళమ్మ వీడియోలో ఉంది. "భాయ్, మీరుండారు, ఇంక నాకు దిగులు లేదు" అంటోంది. నేను తల ఊపాను. ఫోను పెట్టేశాక, అమ్మా ఒక్క నిమిషం అని ఆమెను వరండాలోకి పిలిచి, నిలబడే చెప్పాను. బస్సు, సీసా, గుడ్డ, గేటు, అంకె. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఊపిరి తీసుకోకుండా చెప్పాను.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"ఎన్ని రోజులు?" అంది.

"నాలుగు."

రోజూ ముసలివాళ్ళ జ్వరాలు చూసి రాసుకునే పిల్ల. నాలుగు రోజులంటే ఏమిటో నాకంటే ఆమెకే బాగా తెలుసు. గోరింట చేతులు ఒకదానికొకటి తగలకుండా దూరంగా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మెల్లగానే మూసింది.

మసీదుకు నన్ను కడప మిత్రుడు తీసుకెళ్ళాడు. ఏ క్షణాన ఎవరొచ్చి వకీలు మారాడని చెబుతారోనని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఖాజీగారు నా వైపు చూసి సైగ చేశారు. యల్లా, ఇంక పద అనుకుంటూ లేచాను. ఆ మంచు మలుపులో కూడా ఇంత భయపడలేదు.

సాక్షులిద్దరూ పెళ్ళికొడుకు తరఫు హైదరాబాదువాళ్ళు. ముగ్గురం మసీదులోనే ఉన్న ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళాం. ఆమె ముసుగు కింద తల వంచుకుని కూర్చుని ఉంది. నేను అబ్బాయి పేరు, తండ్రి పేరు చెప్పి, అడగాల్సింది అడిగాను. "నన్ను నీ వకీలుగా ఒప్పుకుంటున్నావా అమ్మా?"

జవాబు లేదు. రెండోసారి అడిగాను. లేదు. మూడోసారి అడిగాను. అప్పటికీ లేదు.

సాక్షుల్లో పెద్దాయన నా భుజం తట్టి, "హో గయా భాయ్. పిల్ల సిగ్గుపడుతున్నది. చుప్ ఉంటే ఒప్పుకున్నట్టే, రివాజ్ గదే గదా" అన్నాడు.

నిజమే. పెళ్ళికూతురు మౌనంగా ఉంటే ఔనన్నట్టే లెక్క. మా వైపూ అంతే. ఆ మాట పట్టుకుని బయటికి వచ్చేస్తే చాలు, నిఖా అయిపోతుంది. నా కాళ్ళు తలుపు వైపు తిరిగాయి కూడా. కానీ ఒక్కసారి మూసుకున్న నోటితో నేను చేసిన పని చాలు.

"లేదు సాబ్" అన్నాను. మళ్ళీ ఆమె వైపు తిరిగాను. "నోటితో చెప్పమ్మా. వద్దన్నా సరే. ఇంకొకరిని పిలుస్తా. నిఖా ఆగదు."

గదిలో ఆడవాళ్ళు మాటలాపేశారు. ముసుగు కదిలింది. చాలా చిన్న గొంతుతో, మా నెల్లూరు మాటలో అడిగింది.

"ఆ నాలుగు రోజులు నాయన పక్కన ఎవురుండారు చాచా?"

"నేను" అన్నాను. "ఇంకెవురూ లేరమ్మా."

"భయం కాలేదా మీకు?"

"అయింది. శానా అయింది."

ఆమె ముసుగు కొంచెం పైకి తీసి నా మొహం చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎంతసేపు చూసిందో నాకు తెలియదు.

"ఒప్పుకుంటాండా" అంది. సాక్షులకు వినపడలేదేమోనని ఇంకోసారి, ఈసారి గట్టిగా అంది.

నేను బయటికి వచ్చి ఖాజీగారి ముందు కూర్చున్నాను. అమ్మాయి నోటితోనే, రెండుసార్లు ఒప్పుకుందని చెప్పాను.