ముందుగా చచ్చే మామయ్య

లిఫ్టులో పొరుగువాళ్ళ ముందు మా ఆరేళ్ళవాడు నా చెయ్యి గిల్లి, “అమ్మా, తెలుగులో మాట్లాడకు. అలా వేరేగా మాట్లాడేవాళ్ళే ముందు చచ్చిపోతారు” అన్నాడు.

వాడికది నేర్పింది టీవీ. గల్ఫ్‌లోని ఫుజైరా రేవులో మా ఆయన ఓడలకు ఇంధనం నింపే పనిమీద రోజుల తరబడి సముద్రం మీదే ఉండేవారు. మధ్యాహ్నాలు పిల్లలతో పాత కౌబాయ్ సినిమాలు చూసేదాన్ని. వాటిలో మెక్సికన్ మూలాలున్న ఒక అమెరికన్ నటుడు తరచూ కనిపించేవాడు. ఎప్పుడూ దొంగ వేషమే, వచ్చీరాని ఇంగ్లీషే. తుపాకీ పేలితే ముందు పడేది అతనే. మా అమ్మాయి అతన్ని చూడగానే, “వచ్చాడ్రా, చచ్చే మామయ్య!” అని తమ్ముడికి చెప్పి చప్పట్లు కొట్టేది.

నాతో తెలుగు మాట్లాడటానికి ఆ పిల్లలిద్దరే ఉన్నారు. వాళ్ళూ మానేస్తే నేనెవరితో మాట్లాడాలి?

వాళ్ళు పడుకున్నాక అతని గురించి వెతికి చదివాను. పుట్టి పెరిగింది అమెరికాలోనే. ఇంగ్లీషు అందరిలాగే వచ్చు, ఆ యాస వేషం కోసం పెట్టించినది. అన్నిసార్లు చచ్చినా ముసలితనం దాకా నటించాడు. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడో మాత్రం ఎక్కడా లేదు. తెల్లారేసరికి అది నేనే కల్పించాను.

పొద్దున్న పాలు తాగుతున్న పిల్లలకు చెప్పాను: “ఆ మామయ్య చావలేదర్రా. షూటింగ్ అవగానే లేచి, ప్యాంటు దులుపుకుని, ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో వాళ్ళ భాషలోనే కబుర్లు చెప్పేవాడు.”