పిస్టన్ రింగుల పంచాయితీ

మా ఆయనకు జీపు మీద ఉన్న ప్రేమలో సగం నా మీద ఉండి ఉంటే, నేను ఇంత నోరుగలదాన్ని అయ్యేదాన్నే కాదు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో ఆత్మకూరులో మాకొక పాత డీజిల్ జీపు ఉండేది. బస్సు పోని ఊళ్లకు మనుషులను, చేన్ల నుంచి వేరుశనగ బస్తాలను మోసేది. పొద్దంతా ఎర్రదుమ్ములో తిరిగి వచ్చిన జీపును కడిగి తుడిస్తే గానీ ఆయన అన్నానికి కూర్చునేవాడు కాదు. శుక్రవారమైతే ఇక చెప్పనే అక్కర్లేదు. బానెట్ ఎత్తి, లోపల చేయి పట్టిన చోటల్లా తుడిచేవాడు. నా పాత చీరలన్నీ ఆ పనికే పోయాయి.

ఒక ఏడు పంట కోతల కాలంలో జీపుకు రోగం వచ్చింది. పొద్దున స్టార్ట్ కావాలంటే నలుగురు తోయాలి. సైలెన్సర్ నుంచి నీలిపొగ. ఇంజన్ ఆయిల్ పోస్తే పోసినట్టే మాయం. బస్తాలు వేస్తే చిన్న ఎత్తు కూడా ఎక్కలేక సగంలో నిలబడిపోయేది. అంతకుముందు ఎండాకాలంలోనే వనపర్తిలో మా మెకానిక్ భాయ్ ఇంజన్ విప్పి, ఆయిల్ పైకెక్కి కాలిపోకుండా ఆపే పిస్టన్ రింగులు కొత్తవి వేశాడు. ఇంతలోనే మళ్లీ అదే పొగ రావడంతో మా ఆయనకు ఒళ్లు మండిపోయింది.

భాయ్ మాకు పరాయివాడు కాదు. మా ఆయనకు స్టీరింగ్ పట్టడం నేర్పిందే భాయ్. నాకు కాన్పు కష్టమైన రోజు, మా జీపు పాడై పడి ఉంటే, రిపేరుకు వచ్చిన ఎవరి జీపో తీసుకొచ్చి నన్ను దవాఖానకు చేర్చాడు. అలాంటి మనిషిని పట్టుకొని మా ఆయన వనపర్తి జీపుల అడ్డాలో, చాయ్ హోటల్ ముందు, డ్రైవర్లందరూ వింటుండగా, "పాత రింగులే తోమి ఏసిండు. నమ్మినందుకు నన్ను ముంచిండు" అన్నాడు. ఆ మాట భాయ్ షెడ్డుకు చేరడానికి ఎంతసేపు! భాయ్ మా ఇంటివైపు రావడం మానేశాడు. ఆ రంజాన్‌కు వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా పాయసం కూడా రాలేదు. నాకు పుట్టింటి మనిషి దూరమైనట్టే అనిపించింది.

ఇక గద్వాలలో వేరే మెకానిక్‌కు చూపిస్తానని మా ఆయన బయలుదేరితే, నేనూ ఎక్కి కూర్చున్నాను. ఇంజన్ విప్పి చూడకుండానే ఒక మనిషిని దొంగను చేస్తావా, ముందు చూడు, తర్వాత ఎంతైనా తిట్టుకో అని దులిపేశాను. నా నోటికి తట్టుకోలేక బండిని వనపర్తి వైపు తిప్పాడు.

భాయ్ రమ్మనలేదు, పొమ్మనలేదు. నాకు మాత్రం స్టూలు జరిపాడు. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీస్తే, అక్కడి నుంచీ పొగ గుప్పుమంది. రింగులు అరిగిపోయాయని తనే చెప్పాడు. మా ఆయన గెలిచినట్టు నావైపు చూశాడు. మధ్యాహ్నానికి ఇంజన్‌కు మూతలా ఉండే హెడ్డు దిగింది. భాయ్ సిలిండర్ లోపల వేలు పెట్టి, నన్నూ పెట్టి చూడమన్నాడు. నిలువునా సన్నటి గీతలు గోరుకు తగిలాయి. ఇంజన్ మట్టి తిన్నదని, ఆ మట్టి ఎటునుంచి పోయిందో చూడాలని అంటూ గాలి ఫిల్టర్ కింది గిన్నె విప్పాడు. ఆ గిన్నెలో ఆయిల్ ఉండాలట. గాలితో వచ్చే దుమ్ము దానికి అంటుకొని అక్కడే ఆగిపోతుందట. మా గిన్నె మాత్రం పొడిగా తళతళలాడుతోంది. అందులో అన్నం వడ్డించుకోవచ్చు.

"ఇండ్ల ఆయిల్ ఏమైంది?" అని అడిగాడు భాయ్.

"ఆయిలా? అది మురికి గద. నల్లగ బురద లెక్క ఉండె. శుక్రవారం శుక్రవారం తుడుస్త నేను" అన్నాడు మా ఆయన, గర్వంగానే.

అప్పుడు అర్థమైంది. ఎండాకాలంలో భాయ్ ఆ గిన్నెను శుభ్రం చేయడం మా ఆయన చూశాడు. తర్వాత కొత్త ఆయిల్ పోసేటప్పుడు చాయ్‌కి పోయి ఉన్నాడు. అంతే సంగతి. అప్పటినుంచి చేన్ల దుమ్మంతా తన చేతులతోనే ఇంజన్‌కు తినిపించాడు. నాకు మొదట నవ్వొచ్చింది. ఆయన ముఖం చూశాక పాపం అనిపించింది. భాయ్ ఒక్క మాట కూడా దెప్పలేదు. సిలిండర్లకు లోపలి గీతలు పోయేలా బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్లు వేస్తే ఇంజన్ బతుకుతుందని పని సంగతి మాత్రం చెప్పాడు.

మా ఆయన లేచి బయటికి నడిచాడు. అలిగి పోతున్నాడేమోనని నేను వెంటపడ్డాను. ఆయన నేరుగా అడ్డాకు పోయి, ఆ చాయ్ హోటల్ ముందే నిలబడి డ్రైవర్లను పిలిచాడు. అందరూ చుట్టూ చేరారు.

"భాయ్ కొత్త రింగులే ఏసిండు. ఇంజన్ ఖరాబ్ చేసింది నేను. నేనన్నది అబద్ధం" అన్నాడు.

ఎవడో కిసుక్కున నవ్వాడు. వేరే రోజైతే వాడి పని అయిపోయేది. మా ఆయన తల వంచుకొని ఊరుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన మీద నాకు అంత గౌరవం ఎన్నడూ కలగలేదు.

మేం తిరిగి వచ్చేసరికే ఆ సంగతి షెడ్డుకు చేరింది. భాయ్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇంజన్‌ను జీపులోంచి పైకెత్తడానికి కట్టిన గొలుసును లాగుతూ, తల తిప్పకుండానే అన్నాడు.

"నిలబడి చూస్తవేంది తమ్మీ? జర నువ్వు గూడ పట్టు. ఒక్కనితోని అయితదా?"